దొంగముట్టు – తొమ్మిదో భాగం

"ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ముట్టు మాటలేమిటండీ?" అని పొదిలి నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. సంతకం పెట్టే ధైర్యం మాత్రం చేయలేదు. అయ్యా, మీ ఇంటిల్లిపాదిలో సగంమంది ఆడవాళ్లే కదా! మీరు చూడనప్పుడు ఈ కథ చదివి వాళ్లు కూడా నాకు ఉత్తరాలు రాస్తున్నారు. అందుకని మీరు పేజీ తిప్పేసి వారఫలాలు చూసుకోండి. మేం చెంచమ్మ ఊరు ఎర్రదొడ్డి పోతున్నాం.

పోయిన వారం చెంచమ్మను పెరట్లో నీళ్లతొట్టి దగ్గర వదిలి వచ్చాం. కడుపుతో ఉన్న కోడలు గురవమ్మను చూడటానికి కొనకనమిట్ల ప్రసూతి కేంద్రం నుంచి నర్సు దయామణి వచ్చింది. పని అయ్యాక ఆమె చేతులు కడుక్కుంటుంటే, చెంబుతో నీళ్లు పోస్తూ చెంచమ్మ ఒక సంగతి ఎత్తింది. ఎవరికో జరిగినట్టు చెప్పింది. నాలుగేళ్ల కింద ముట్టు ఆగిన మనిషికి మూడు నెలలుగా మళ్లీ కనపడుతోందట. "ఇదేంది నర్సమ్మా, వయసు వెనక్కి కూడా వస్తాదా?" అని నవ్వింది.

దయామణి నవ్వలేదు. "పెద్దమ్మా, ఆ మనిషివి నువ్వేనా?" అంది.

చెంబులో నీళ్లు అయిపోయాయి. చెంచమ్మ ఖాళీ చెంబునే ఇంకాసేపు వంచి పట్టుకుంది.

"ఆగి ఏడాది దాటినాక వచ్చేది ముట్టు కాదు పెద్దమ్మా. దాన్ని ఆ పేరుతో పిలవనే వద్దు. ఎందుకొస్తోందో లోపల చూడాల. చిన్న సంగతే కావచ్చు, పెద్దదీ కావచ్చు. చూడకుండా నేను చెప్పలేను, నువ్వు ఊరుకోకూడదు. గురువారం మార్కాపురం ఆసుపత్రికి లేడీ డాక్టరమ్మ వస్తుంది. ఈ గురువారమే పో. ఒంటిగా మాత్రం పోవద్దు. మత్తిచ్చి చూడాల్సి వస్తే పక్కన ఆడతోడు ఉండాల. తోడు లేనిదే ఆ డాక్టరమ్మ చెయ్యి పెట్టదు."

దయామణి చీటీ రాసిచ్చింది. చెంచమ్మ దాన్ని కొంగుకు ముడేసుకుంది. అది మంగళవారం. చెంచమ్మ భర్త కాటమరాజు, కొడుకు నాగయ్య మందను తోలుకొని నల్లమలకు పోయి నెల దాటింది. వాళ్లు తిరిగి వచ్చేది తొలకరికే. అంటే గురువారం లోపల ఈ ఊళ్లో ఒక్క ఆడమనిషి దొరకాలి, తనతో బస్సెక్కడానికి. ఒక్కరంటే ఒక్కరు.

ఓస్, అదెంత పని అనుకోకండి. ఆ ఊళ్లో చెంచమ్మ పేరేమిటో కొత్తగా చదివేవాళ్లకు తెలియదు గనక చెబుతున్నాను. దొంగముట్టు చెంచమ్మ.

ఎర్రదొడ్డిలో గొర్రెల దొడ్డి దాటాక, పడమటి పక్కన ఒక బోదగడ్డి గుడిసె ఉంది. దాని ముందు సున్నం కొట్టిన రాళ్ల వరస. బయటచేరిన ఆడవాళ్లు మూడు రోజులు ఆ రాళ్లకు అవతలే ఉండాలి. వాళ్ల గాలి సోకితే గొర్రెపిల్లలు బతకవని ఊరి నమ్మకం. ఆ గుడిసెను నేను మెచ్చుకోవడం లేదు, ముందే చెబుతున్నా. వానకు కారుతుంది, తేళ్లు తిరుగుతాయి, పెట్టింది తిని పడి ఉండాలి. కానీ ఏడాది పొడుగునా పిడకలు, పేడ, గడ్డిమోపులు, కవ్వం, రోలు, పిల్లలు, ముసలివాళ్లు, ఇన్నింటి మధ్య ఎర్రదొడ్డి ఆడవాళ్లకు కూర్చునే తీరిక అంటూ దొరికేది అక్కడే. గవ్వలాడుకునేవాళ్లు. ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవాళ్లు. మొగుడి మీద కోపం, అత్త మీద కసి, కడుపులో బాధ, ఎవరికీ చెప్పలేనివన్నీ చెప్పుకుని ఏడ్చి, నవ్వి, నాలుగో రోజు తలంటుకొని ఇళ్లకు పోయేవాళ్లు.

నలభై ఏడో ఏట చెంచమ్మకు ముట్టు ఆగిపోయింది. "ఇంక నీకేం, హాయి" అన్నారు అందరూ. హాయా? మెడ వెనక నుంచి ఉన్నట్టుండి ఆవిరి లేచేది. ముఖం ఎర్రబడి, రవిక తడిసి, అంతలోనే చలి పట్టేది. నిద్ర పోయింది. మోకాళ్లు పట్టేశాయి. ఉప్పు తక్కువైందని ఎవరన్నా అంటే చాలు, కళ్లనిండా నీళ్లు. తల్లి పాలివ్వని గొర్రెపిల్లను చూసి ఒకరోజు పొద్దంతా ఏడ్చింది. ఇదేమిటో అడగాలంటే ఎవరిని అడగాలి? అలాంటి మాటలు మాట్లాడుకునే చోటు ఊళ్లో ఒక్కటే. ఆ చోటికి పోవాలంటే ముట్టు ఉండాలి!

అందుకని చెంచమ్మ అబద్ధం ఆడింది. నెల నెలా చాప చంకన పెట్టుకొని గుడిసెకు పోయింది. ఎనిమిది నెలలు అలా నడిచింది. ఆ ఎనిమిది నెలలూ ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టుండేది. ఆ తరువాత ఒకనాడు వాగు దగ్గర పక్కింటి పాపమ్మ, చిన్నప్పటి నుంచి వదినా వదినా అని పిలుచుకునే పాపమ్మ, చెంచమ్మ గుడ్డల మూట లాగి అందరి ముందూ విప్పింది. "ఏందే చెంచా, నీ గుడ్డలు మల్లెపూలలెక్క ఉండాయే! ఇది ముట్టా, దొంగముట్టా?" అంది. వాగంతా నవ్వింది. ఆ పేరు అట్లే నిలబడిపోయింది.

ఇప్పుడు మూడు నెలల కింద నిజంగా నెత్తురు కనపడ్డప్పుడు, పిచ్చిది, చెంచమ్మ ఏం చేసిందో తెలుసా? సంతోషపడింది. గంగమ్మ తల్లి తన ఒంటరితనం చూసి జాలిపడి మళ్లీ ఇచ్చిందనుకుంది. చాప తీసుకొని గబగబా గుడిసెకు పోయింది. లోపలున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. ఆమె కూర్చుంటే వాళ్లు లేచి అవతలి మూలకు జరిగారు. గవ్వలు ఎవరూ తియ్యలేదు. మూడు రోజులు ఒంటరిగా కూర్చొని ఇంటికి వచ్చేసింది. రెండోసారి, మూడోసారి కనపడ్డప్పుడు గుడిసెకు పోలేదు, ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దున గురవమ్మ చల్ల చిలుకుతుంటే చెంచమ్మ పక్కన కూర్చుంది.

"గురవమ్మా, రేపు నాతో మార్కాపురం వస్తావా?"

"ఎందుకత్తా?"

చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. కవ్వం ఆగింది.

"మళ్లీ మొదలుపెట్టినావా?" అంది గురవమ్మ.

"లేదమ్మా, ఈసారి నిజం. నర్సమ్మే చెప్పింది. ఇదో చీటీ."

"నాకు చదవొస్తాదా అత్తా, చీటీ చూపించేదానికి?" గురవమ్మ గొంతు అరుపు కాదు. అరిచి ఉంటే బాగుండేది. "నేను పెండ్లయి వచ్చిన తొలి ఏడు గుర్తుందా నీకు? నువ్వు నెలకు మూణ్ణాళ్లు పోయి ఆడ గవ్వలాడుకుంటా కూర్చుంటే, పదారేండ్ల దాన్ని, పేడ నేనే ఎత్తినా, గొర్రెపిల్లలకు పాలు నేనే పట్టినా. పాపం అత్తకు బాగలేదని సంగటి మోసుకొచ్చి పెట్టినా. అదంతా దొంగాట అని వాగు కాడ తెలిసినాక, నన్ను కూడా చూసి నవ్వినారు అత్తా. నిన్నొక్కదాన్నే కాదు."

 కోడలు ఇన్నేళ్లు ఈ మాట లోపల దాచుకుందని ఆమెకు తెలియదు. చెంచమ్మ లేచి లోపలికి పోయి, చూరులో దాచిన గుడ్డ తెచ్చి చూపించింది. ఏ ఆడదీ ఏ కోడలికీ చూపించనిది.

గురవమ్మ ఒక్క చూపు చూసి ముఖం తిప్పుకుంది. "నిన్న పాపయ్య మామ వాళ్లు దొడ్డికాడ పొట్టేలు కోసినారు కదా" అంది.

ఆ తరువాత కాస్త మెత్తబడి, "నాలుగేండ్లకు కాసిన కాయ అత్తా ఇది. ఆ బస్సు కుదుపులకు నేను రాలేను. నువ్వు కూడా ఊరికే నవ్వులపాలు కావాకు" అని కవ్వం తిప్పడం మొదలుపెట్టింది.

కోడల్ని తిట్టుకునేరు. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఒకసారి మోసపోయింది, రెండోసారి మోసపోకూడదనుకుంది. అయినా చెంచమ్మ ఆ గుడ్డను చేతిలో పట్టుకొని అక్కడే నిలబడిన తీరు తలుచుకుంటే నాకు గుండె పట్టేస్తుంది. తన ఒంటి నెత్తురును పొట్టేలు నెత్తురన్నారు. ఇంక ఏం చూపించి నమ్మించాలి?

ఆ పొద్దంతా ఇల్లిల్లూ తిరిగింది. ఒకామెకు కలుపు, ఒకామెకు జ్వరం. ఒకామె తలుపు చాటు నుంచే నవ్వింది. పొద్దుగూకే సరికి అడగాల్సిన ఆడమనిషి ఊళ్లో ఒక్కతే మిగిలింది. ఆమె గుడిసెలో ఉంది, ఆ పొద్దునే బయటచేరింది.

గురువారం తెల్లవారి చెంచమ్మ నీళ్లు పోసుకొని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, రెండు జొన్నరొట్టెలు మూటగట్టుకొని గుడిసె దారి పట్టింది. సున్నపు రాళ్లకు ఇవతల ఆగింది. అవతల పాపమ్మ కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. యాభై నాలుగేళ్ల మనిషి, ఊరందరికీ ఆమె నోరంటే భయం. ఆమె పక్కన రాములమ్మ అనే కొత్త కోడలు గవ్వలు విసురుతోంది.

"ఓయమ్మో, ఎవరొచ్చినారు చూడే రాములమ్మా! చాప తేలేదే ఈసారి?" అంది పాపమ్మ.

రాములమ్మ కిసుక్కుమంది.

"కూర్చునేదానికి రాలేదు వదినా. నువ్వు నాతో మార్కాపురం వస్తావేమోనని అడిగేదానికొచ్చినా."

పాపమ్మ ఇంకో మాట ఎత్తబోయింది. చెంచమ్మ ఎత్తనివ్వలేదు. నిలబడిన చోటనే, గొంతు దించకుండా, అంతా చెప్పేసింది. మూడు నెలలు, ఎప్పుడెప్పుడు ఎంతెంత, నడుములో పోటు, వాసన, రవికలు వదులైపోవడం, నర్సు మాట, కోడలి మాట. సిగ్గుపడే ఓపిక ఆమెకు ఇంక మిగల్లేదు.

"నువ్వు దొంగ అంటే ఊరు దొంగ అనింది. నువ్వు నిజం అంటే నిజం అంటాది. నువ్వొక్కదానివి నమ్మితే చాలు నాకు."

రాములమ్మ చేతిలో గవ్వలు ఆగిపోయాయి. పాపమ్మ కింద మట్టి మీద వేలితో ఏదో గీస్తూ ఉండిపోయింది.

"నమ్మినానే" అంది చివరికి. "కానీ బయట ఉన్నదాన్ని, ఎట్ల వచ్చేది? రాళ్లు దాటితే ఊరు ఊరుకుంటాదా? దొడ్డినిండా పిల్లలుండాయి. ఒక్కటి చచ్చినా నా నెత్తినే వేస్తారు. వచ్చే గురువారం పోదాంలే."

"వచ్చే గురువారానికి నాకు ఇంత ధైర్యం ఉండదు వదినా" అంది చెంచమ్మ. "సరేలే. నువ్వు నమ్మినావు, అదే చాలు."

చాలదని ఆమెకూ తెలుసు, పాపమ్మకూ తెలుసు. చెంచమ్మ మూట సర్దుకొని కంకర రోడ్డు వైపు నడిచింది. ఒక్కతే పోతుంది, డాక్టరమ్మ కాళ్లమీద పడుతుంది, పంపేస్తే తిరిగొస్తుంది. అంతకు మించి ఆలోచన లేదు. దూరంగా పొదిలి నుంచి వచ్చే బస్సు మోత వినపడింది.

పాపమ్మ ఆ వీపు వైపే చూస్తూ ఉంది. రవిక నిజంగానే వదులైంది. వెనక ముడి దగ్గర రెండు వేళ్లు పట్టేంత సందు. చిన్నప్పుడు ఒకసారి కాలు బెణికితే, తనకన్నా చిన్నదైన ఆ పిల్ల వీపు మీద ఎక్కి వాగు దాటింది తను.

"చెంచా! ఆగవే!"

పాపమ్మ లేచి, కుచ్చెళ్లు ఎగదోపుకొని, రాళ్లు దాటింది.

"పెద్దమ్మా! పెద్దమ్మా! గీత దాటినావు!" రాములమ్మ కేక ఊరంతా వినపడింది. బావి దగ్గర కడవలు దిగాయి. ఎవరో దొడ్డి తడికె మూయడానికి పరుగెత్తారు. దొడ్డి ముందు కూర్చొని పలుపు పేనుతున్న పాపమ్మ మొగుడు పాపయ్య, పెళ్లాం ఎదురుగా వస్తుంటే లేచి నిలబడ్డాడు.

"ఏందే ఇది? మతి పోయిందా? బయట ఉండి దొడ్డి దారిన వస్తావా?"

"నేను బయట లేను" అంది పాపమ్మ.

"నిన్ననే కదా పోయింది?"

"నిన్న పోయినా, పోయిన నెల పోయినా, దానికి ముందు నెల కూడా పోయినా. నాకు ముట్టు లేదు. ఆగి అయిదేండ్లయింది!" ఊరంతటినీ ఒకసారి చుట్టూ చూసింది. "అయిదేండ్లుగా దొంగముట్టే నాది. మీ గొర్రెపిల్లలకు ఏమీ కాదు, తడికె తియ్యండి. నవ్వేవాళ్లుంటే నేను తిరిగొచ్చినాక నవ్వండి. చెంచమ్మది మాత్రం దొంగది కాదు. అది నిజంగా జబ్బు మనిషి. విన్నారా?"

ఎవరూ నవ్వలేదు. బావి గట్టు మీద గురవమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో చేదతాడు జారి బావిలోకి పోయింది. "అత్తా..." అని పిలిచింది గానీ, అప్పటికే బస్సు వచ్చి ఆగింది.

బస్సులో ఇద్దరూ వెనక సీటులో కూర్చున్నారు. పాపమ్మ చెంచమ్మ మణికట్టు గట్టిగా పట్టుకొని ఉంది. ఎర్రచెలకలు వెనక్కి పోతున్నాయి. చెంచమ్మ అడిగింది.

"అయిదేండ్లా?"

"ఊ."

"నాకు ఆగింది నాలుగేండ్ల కింద. అంటే వాగు కాడ నా మూట విప్పిన నాటికి..."

"ముందే ఆగింది" అంది పాపమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "యాభై దాటినా దీనికి ఇంకా ఏందని ఆడా ఈడా అనుకుంటా ఉన్నారు. నా వైపు చూడకుండా ఉండాలంటే ఇంకొకరి వైపు చూపించాల. నువ్వు దొరికినావు."

చెంచమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. మూడేళ్ల నవ్వులన్నీ, తలుపు చాటు గుసగుసలన్నీ, నిన్న కోడలి చూపు, అన్నీ ఈ మనిషి పని. ఇన్నాళ్లు తన తప్పు పట్టుకున్న మనిషి అనుకుంది. తన తప్పే చేసి, తనను ముందుకు తోసిన మనిషని ఇప్పుడు తెలిసింది.  బస్సు ఒక గుంటలో దిగి లేచింది. నడుములో పోటు వచ్చింది.

"నిన్ను తిట్టే ఓపిక ఇప్పుడు లేదు నాకు" అంది. "తిరిగొచ్చినాక తిడతా. ఊరంతా వినేట్లు తిడతా."

"తిట్టు. తిట్టేదానికైనా తిరిగి రా."

 ఒక ఊరు దాటింది. ఇంకో ఊరు దాటింది.

"వదినా, నీకు కూడా ఆవిరి లేచేదా? మెడ వెనక నుంచి?"

పాపమ్మ తల తిప్పి చూసింది. అయిదేళ్లలో ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. గుడిసెలో చిన్నవయసు వాళ్లంతా పురుళ్ల గురించి మాట్లాడుకుంటుంటే, ఆవిరి పుట్టినప్పుడల్లా నవ్వుతూ విసురుకునేది.

"లేచేది. ఇంట్లో ఉన్నప్పుడు ఆ మట్టిగోడకు వీపు ఆనించుకొని కూర్చునేదాన్ని. చల్లగా ఉంటాదని."

"ఏ గోడ? మా ఇంటి పక్క గోడా?"

"అదే."

చెంచమ్మ కూడా ఆ గోడకే, ఇవతలి పక్కన. ఇద్దరూ ఒకే గోడకు వీపులు పెట్టి నాలుగేళ్లు కూర్చున్నారు. మధ్యన జానెడు మట్టి. చెంచమ్మకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. రొట్టెల మూట విప్పి ఒకటి పాపమ్మ ఒళ్లో పెట్టింది. క్షమించిందని కాదు. ఆకలేస్తుందని.

మార్కాపురం ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డారు. చీటీ చూసి, ఆయా ఆడవాళ్ల గది తలుపు దగ్గరికి పిలిచింది.

"తోడెవరమ్మా?"

చెంచమ్మ పాపమ్మ వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపు నిలబడిందో పాపమ్మనే అడగాలి.

"మా వదిన" అని చెప్పి లోపలికి పోయింది.

తలుపు మూసుకుంది. పాపమ్మ బల్ల మీద ఒక్కతే మిగిలింది. రేపటి నుంచి తనకు గుడిసె లేదు. ఊళ్లో తల ఎత్తుకొని తిరిగే మాట లేదు. మొగుడు ఏమంటాడో తెలియదు. అవేవీ ఇప్పుడు పెద్దగా అనిపించలేదు.  తిరిగి రా, తిరిగొచ్చి తిట్టు అని లోపల్లోపల అనుకుంటూ, తినకుండా దాచిన సగం రొట్టెను చేతిలో నలుపుతూ కూర్చుంది. ఎండ వరండా మెట్లు దిగిపోయింది. ఎక్కువసేపు పట్టదన్నారు. చాలాసేపు పట్టింది.

తలుపు తెరుచుకుంది. ఆయా కాదు. తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మే బయటికి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. వరండాలో కూర్చున్నవాళ్లందరినీ ఒకసారి చూసింది.

"చెంచమ్మ తాలూకు ఎవరు?"

పాపమ్మ గోడ పట్టుకొని లేచింది.

"నేనే" అంది.